పదికి ఎనిమిది మార్కుల కోమా

ప్రియమైన అత్తయ్యకి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమే అయ్యుంటావు, నీ జోలికి రావడానికి జలుబుకి కూడా ధైర్యం చాలదు కదా. శుభవార్త ఏమిటంటే, ఈ నెల పదిహేను, శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకి నేను చచ్చిపోతున్నాను. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కంగారు పడకు, సీరియల్లోనే. నాలుగు నెలల క్రితం మెట్ల మీంచి పడ్డ చిన్న కోడలు ఇంకా కోమాలోనే ఉందని నీకు తెలుసు, రోజూ చూస్తున్నావు. చూసేవాళ్ళకి అది అరగంటే. పడుకునేదాన్ని నేను. పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళి, గంటన్నర మేకప్ వేయించుకుని పడుకోవాలి. "కోమాలో ఉన్నదానికి లిప్‌స్టిక్ ఎందుకండీ?" అని అడిగితే, "కుటుంబాలు చూస్తాయమ్మా, పాలిపోయి ఉంటే బాగోదు" అన్నారు. తరవాత అత్తగారి పాత్ర వేసే ఆవిడ నా మీద వాలి ఏడుస్తుంది. ఆవిడ కన్నీళ్ళు గురితప్పకుండా నా ఎడమ చెవిలో పడతాయి. భోజనాల వేళ లైట్లవాళ్ళు మంచం మీద మనిషుందని మర్చిపోయి టిఫిన్ క్యారియర్లు నా కాళ్ళ దగ్గర విప్పుకుంటారు. కిందటి నెల తుమ్ము ఆపుకోలేకపోయాను. "చలనం వచ్చింది!" అంటూ ఆ ఒక్క తుమ్ముని ఐదు ఎపిసోడ్లు లాగారు. నాటక కళలో ఎం.ఏ. చేసి నేర్చుకున్న విద్యలన్నిట్లో వీళ్ళకి పనికొచ్చింది ఊపిరి బిగబట్టడం ఒక్కటే.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మా కాలేజీలో నాటకం నేర్పిన నిశ్శబ్దం గారు గుర్తున్నారా? మాటకీ మాటకీ మధ్య ఆయన తీసుకునే విరామంలో మనం ఓ కునుకు తియ్యొచ్చు, ఆయన! కొత్త నాటకంలో ముఖ్యపాత్ర నాకిచ్చారు. గంటన్నర నాటకంలో గంటా పది నిమిషాలు నేనే మాట్లాడాలి. నాలుగు నెలలు నోరు మూసుకున్నదానికి ఇంతకంటే ఏం కావాలి? వచ్చే నెల ఒకటి నుంచి రిహార్సల్స్. ఆ రోజుకి నేను వెళ్ళకపోతే పాత్ర ఇంకో అమ్మాయికి పోతుంది. ఆ అమ్మాయి ముక్కుతో మాట్లాడుతుంది.

చిక్కల్లా మా సీరియల్ ఒప్పందం. 'పాత్ర ప్రాణాలతో ఉన్నంతకాలం నటి మరెక్కడా నటించరాదు' అని ఉంది అందులో. సంతకం పెట్టేటప్పుడు నవ్వొచ్చింది. ఇప్పుడు రావట్లేదు. అందుకే కథ రాసే ఆయన్ని, అదే, మేమంతా మలుపుల మాస్టారు అనే ఆయన్ని, కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. "సరేలేమ్మా, నీ మొహం చూసి చంపేస్తాను" అన్నారు. ఎంత మంచి మనసో!

నాటకం మొదటి ప్రదర్శనకి నువ్వు రావాలి. వంకలు పనికిరావు.

నీ
కోడిపిల్ల

తా.క. ఫోన్ చేస్తే "ఫోన్లో ఒత్తులు కనపడవు" అని పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను. ఒత్తులన్నీ పెట్టాను. కావాలంటే లెక్కపెట్టుకో.

⁂

చిరంజీవి కోడిపిల్లకి అత్తయ్య ఆశీర్వదించి రాయునది,

నీ ఉత్తరం చేరింది. పదికి నాలుగు. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో చేతిరాత నేర్పినదాని మేనకోడలివి, రాస్తే కోడి కెలికినట్టుంటుంది. ఆ పేరు నీకు ఊరికే పెట్టానా?

చచ్చిపోతున్నానని అంత సంబరంగా రాస్తావా? నీ నోట ఒక్క మంచి మాట రాదా? సాయంత్రం ఏడయ్యేసరికి వీధి వీధంతా మన ముందుగదిలోనే ఉంటుంది. "మా పిల్లేనండీ, ఎంత కుదురుగా పడుకుందో చూడండి" అని అందరికీ చెప్పుకుంటున్నాను. చిన్నప్పుడు ఒక్క క్షణం కుదురుగా ఉన్నావా నువ్వు? ఇన్నాళ్ళకి టీవీ పుణ్యమా అని చూశాను. రేపు అందరి ముందూ నీ మొహం మీద దుప్పటి కప్పితే నేను ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?

అయినా కూర్చుని తినే ఉద్యోగాలు చాలా చూశాను, పడుకుని తినే ఉద్యోగం నీకొక్కదానికే దొరికింది. దాన్ని కాలదన్ని, స్టేజీ ఎక్కి గంటా పది నిమిషాలు గొంతు చించుకుంటావట. చాల్లే.

మీ మలుపుల మాస్టారితో నా మాటగా చెప్పు. మనిషిని లేపడం చేతకానివాడికి చంపే హక్కు లేదు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. రిటైరయ్యాక ఇంట్లో పెట్టిన చేతిరాత క్లాసు బాగా నడుస్తోంది. ముప్పై ఒక్క మంది. పిల్లలే అనుకునేవు, కిరాణా కొట్టాయనా, మన వీధి డాక్టరూ కూడా వస్తున్నారు. ఈ వారం ఉత్తరాలు రాయించడం మొదలుపెట్టాను. తలా రెండు.

⁂

ప్రియమైన అత్తయ్యకి,

నమస్కారం. చావు కబురు చల్లగా చెప్పారంటారు. నేను బతుకు కబురు వేడివేడిగా చెబుతున్నాను. నేను చావలేదు.

నిన్న గురువారం నా చివరి షాట్ తీశారు. మిషను మీద గుండె గీత తిన్నగా అయిపోయింది. డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. మా సీరియల్లో డాక్టరు కళ్ళద్దాలు తీశాడంటే ఇక ఆశ లేనట్టే. అందరూ ఏడ్చారు. కట్ చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. మేకప్ ఆవిడ పూలగుత్తి ఇచ్చింది. నేను లేచి చెప్పులు వేసుకుంటున్నానో లేదో, ఛానెల్ మేనేజరు ఒక అట్టపెట్టె పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. "పడుకోండి, పడుకోండి!" అని కేక.

ఆ పెట్టెలో అరవై రెండు ఉత్తరాలు! చిన్న కోడలి పరిస్థితి విషమం అని టీవీలో వేశారు కదా, అది చూసి రాశారట. మా ఛానెల్ పద్ధతి నీకు చెప్పలేదు. ఫోన్లలో తిట్టేవాళ్ళని లెక్కచెయ్యరు. కాగితం మీద రాసి, స్టాంపు అంటించి, పోస్టుడబ్బా దాకా నడిచినవాడు ఒక్కడు వెయ్యిమంది పెట్టు అని మేనేజరు సిద్ధాంతం. వారం వారం ఆ పెట్టెని కాటా మీద పెట్టి తూస్తారు, కూరగాయల్లా. ఇన్నాళ్ళూ ఎప్పుడూ వంద గ్రాములు దాటలేదు. ఈసారి ముప్పావు కిలో తూగింది.

అంతే, పూలగుత్తి వెనక్కి తీసుకున్నారు. గుండె గీత మళ్ళీ ఎగిరింది. డాక్టరు కళ్ళద్దాలు పెట్టుకుని, "ఇది వైద్యశాస్త్రానికే అందని విషయం" అన్నాడు. అత్తగారి పాత్ర ఆవిడ సంతోషం పట్టలేక ఏడ్చింది. మళ్ళీ ఎడమ చెవిలోనే.

ఎవరత్తా ఈ మనుషులు? ఇంట్లో పనీపాటా ఉండదా? వీళ్ళ పుణ్యాన నా నాటకం గోవిందా అయ్యేట్టుంది. ఒకటో తారీఖు ఎంతో దూరం లేదు.

నీ
కోడిపిల్ల

తా.క. ఒక మహాతల్లి అయితే, "అమ్మాయి తలకింద దిండు మరీ ఎత్తుగా ఉంది, మెడ పట్టేస్తుంది" అని రాసిందట. కోమాలో ఉన్నదాని మెడ గురించి బెంగ!

⁂

చిరంజీవి కోడిపిల్లకి ఆశీస్సులు.

పదికి మూడున్నర. కోపంలో రాస్తే అక్షరాలు కూడా కొట్టుకుంటాయి.

ముక్కూ మొహం తెలియని నీ కోసం అరవై రెండు మంది చేతులు నొప్పెట్టేలా రాస్తే, పనీపాటా లేదా అంటావా? వాళ్ళెవరో గాని సంస్కారం ఉన్నవాళ్ళు. నేనైతే వాళ్ళ గురువుని మెచ్చుకుంటాను. గురువు అంటే, ఊరికే అన్నాను, ఎవరికైనా గురువు ఉంటాడు కదా.

సరే, ఇంతకీ ఆ నాటకంలో చివరికి నువ్వేమవుతావు? అందులోనూ చచ్చిపోయేట్టయితే అదీ వద్దు. నిశ్శబ్దం గారి చిరునామా పంపించు.

ఇట్లు,
అత్తయ్య

తా.క. దిండు మార్చారా?

⁂

అత్తా,

ఈసారి క్షేమాలూ లేవు, నమస్కారాలూ లేవు. దిండు మార్చారు. కడుపు నిండిందా?

నిన్న మేనేజరు నన్ను తన గదికి పిలిచి అరవై రెండు ఉత్తరాలూ బల్ల మీద పరిచాడు. ఒక్కటి తప్ప అన్నిట్లోనూ ఒకే గుండ్రటి అక్షరాలు. ఒకే తలకట్టు. పడుకున్న పిల్లి తోకలా చుట్టుకున్న ఒకే 'ళ'. ఆ 'ళ'ని చిన్నప్పుడు నా చేత రెండొందలసార్లు రాయించింది ఎవరో నేను మర్చిపోతానా?

అదొక్కటే అయితే నోరు మూసుకుని వచ్చేసేదాన్ని, నాకది అలవాటేగా. కానీ ప్రతి ఉత్తరం పైనా మూల ఎర్రసిరాతో మార్కులున్నాయి! ఎనిమిది బై పది. ఏడున్నర బై పది. పోస్టు చేసే ముందు దిద్దావా అత్తా? ఎవరైనా దొంగ ఉత్తరాలు దిద్ది మరీ పంపిస్తారా?

మేనేజరేం అనుకున్నాడో తెలుసా? అవి నా నటనకి ప్రేక్షకులు వేసిన మార్కులట! "చూశారా మేడమ్, సగటున పదికి ఎనిమిది! మా ఛానెల్ చరిత్రలో లేచి తిరిగిన వాళ్ళెవరికీ ఇన్ని రాలేదు" అని లేచి నిలబడి నా చెయ్యి ఊపాడు. ఒక్క ఉత్తరం మీద మాత్రం మూడు ఉంది. దాని మీద గంటసేపు మీటింగు పెట్టారు. "ఈ ఒక్క ప్రేక్షకుణ్ణి ఎక్కడ నిరాశపరిచాం?" అని అందరూ తలపట్టుకున్నారు. చివరికి నేను ఇంకొంచెం లోతుగా కోమాలోకి వెళ్ళాలని తేల్చారు.

దాని ఫలితం ఏమిటంటే, నా కోమాని ఇంకో ఏడాది పొడిగించారు.

నువ్వు చేసింది నువ్వే సరిచెయ్యి. నీ ముప్పై ఒక్క మందినీ కూర్చోబెట్టి, 'ఆ పిల్లని దయచేసి చంపెయ్యండి' అని తలా రెండు రాయించు. ఇంకా వారం ఉంది.

కోడిపిల్ల

తా.క. ఆ మూడు మార్కులు ఎవరివి? మేనేజరు రోజూ అడుగుతున్నాడు.

⁂

చిరంజీవి కోడిపిల్లకి,

మూడు మార్కులు మన డాక్టరువి. ఆయన మొదటి ఉత్తరం మందుల చీటీ రాసినట్టే రాశాడు. నిజానికి రెండే వెయ్యాలి, పెద్దమనిషని ఒకటి కలిపాను.

దిద్దకుండా ఎలా పంపనే? తప్పులతో గడప దాటిస్తే రేపు నా పరువేం కాను? అలవాటు ప్రకారం చెయ్యి అదే వేసేసింది.

ఇక రెండోది. చంపెయ్యమని నేను రాయించను. నీకు ఏడేళ్ళప్పుడు జ్వరం తగిలి మూడు రోజులు కళ్ళు తెరవలేదు, నీకు గుర్తుండదు. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నది నేను. మీ నాన్న గుమ్మంలో నిలబడి లోపలికి రావడానికి భయపడ్డాడు. నాలుగో రోజు పొద్దున్న కళ్ళు విప్పి, "అత్తా, నా పెన్సిలు ఎవరు తీశారు?" అన్నావు. ఇప్పుడు టీవీలో ఆ మంచమే, ఆ మొహమే. ఆ పిల్లకి ఏమీ కాకూడదని నేను రాయించానంటే, నువ్వు నవ్వుకుంటే నవ్వుకో.

కానీ నీ నాటకం పోకూడదు. అందుకని మధ్యేమార్గం ఆలోచించాను. 'ఆ అమ్మాయిని నిద్ర లేపండి' అని నిన్ననే అందరి చేతా రాయించి పంపించేశాను. లేస్తే ఇంటికి పంపిస్తారు కదా. ఆస్పత్రిలో అంతేగా.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఈసారి మార్కులు వేరే కాగితం మీద వేశాను. నేనేం వెర్రిదాన్ని కాను.

⁂

అత్తా,

లేస్తే ఇంటికి పంపించడానికి ఇది ఆస్పత్రి కాదు, సీరియల్!

నీ ఉత్తరాలు చేరాయి. ఎనిమిది వందల గ్రాములు. "ప్రజలు మేలుకొలుపు కోరుతున్నారు!" అని మేనేజరు కుర్చీ ఎక్కి అరిచాడు. మలుపుల మాస్టారు ఒక్క పూటలో కొత్త కథ అల్లేశారు. నేను లేస్తాను. లేచాక గతం గుర్తుండదు. అత్తగారిని అమ్మ అనుకుంటాను, అమ్మని నర్సు అనుకుంటాను, మెట్ల మీంచి తోసినవాణ్ణి దేవుడనుకుంటాను. ఈ చిక్కంతా విడిపోవడానికి రెండేళ్ళు పడుతుంది, ప్రతి సీనులోనూ నేనుండాలి. మొన్నటిదాకా పడుకోబెట్టి చంపారు, ఇక లేపి చంపుతారు.

నిశ్శబ్దం గారికి చెబితే, "ఒకటో తారీఖు..." అని ఆగారు. నేను టీ తాగేసి గ్లాసు కూడా కడిగేశాను. అప్పుడు "...అంతే" అన్నారు. ముక్కు అమ్మాయి అప్పుడే రిహార్సల్ గది బయట తచ్చాడుతోంది. నా డైలాగులు బట్టీపడుతోంది. ముక్కుతో!

నిజం చెప్పనా? ఇది పోతే నాకు మళ్ళీ ఎవరూ ఇలాంటి పాత్ర ఇవ్వరు. "బాగా పడుకుంటుంది" అన్న పేరు వచ్చేసింది. మొన్న ఇంకో ఛానెల్ వాళ్ళు శవం వేషానికి అడిగారు, ప్రత్యేకంగా.

నీకు దణ్ణం పెడతాను, నా మేలు కోరి ఇక ఏమీ చెయ్యకు. ఏమీ!

కోడిపిల్ల

⁂

చిరంజీవి కోడిపిల్లకి ఆశీస్సులు.

సరే. నేనేమీ చెయ్యను. చేతులు కట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు,
అత్తయ్య

తా.క. బస్‌స్టాండు నుంచి మీ స్టూడియోకి ఎంత దూరం? ఊరికే అడుగుతున్నాను.

⁂

ప్రియమైన అత్తయ్యకి,

నెలన్నరగా నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. ఏమీ చెయ్యొద్దంటే ఉత్తరాలు కూడా మానెయ్యమని కాదు. కోపం వచ్చిందని అర్థమైంది. నేనే తగ్గి రాస్తున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో విను. ఒకటో తారీఖు పొద్దున్నే మేనేజరు నన్ను పిలిచి, "మీరు వెళ్ళొచ్చు మేడమ్" అన్నాడు. చిన్న కోడలు చావదట, రెండు రోజుల్లో లేవదట, ఏకంగా ముప్పై ఏళ్ళు నిద్రపోయి లేస్తుందట! ఆ లేచేదాని వేషానికి ఎవరో పెద్దావిణ్ణి పెట్టుకున్నారు. మిగతా అందరి జుట్టుకీ తెల్లరంగు వేస్తున్నారు. అత్తగారి పాత్ర ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు, కాబట్టి ఆవిడకి ముప్పై ఏళ్ళలో వయసు పెరగలేదు. నేను మారుమాట్లాడకుండా రిహార్సల్‌కి పరిగెత్తాను. ఆ రోజు నుంచి టీవీ వైపు తల తిప్పితే ఒట్టు.

నిన్న శనివారం సాయంత్రం ఏడింటికి మా మొదటి ప్రదర్శన. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ చెయ్యలేదు. నేను చెప్పుకోవడం కాదు, నిశ్శబ్దం గారు వెంటనే "బాగుంది" అన్నారు, మధ్యలో విరామం లేకుండా. నాలుగు వందల కుర్చీల హాల్లో పదకొండు మంది ఉన్నారు. అందులో నలుగురు వాన పడుతోందని లోపలికొచ్చారు. వాన తగ్గగానే వాళ్ళూ లేచారు.

ఎందుకో తెలుసా? సరిగ్గా అదే ఏడింటికి చిన్న కోడలు కళ్ళు తెరిచే ఎపిసోడ్! నెలన్నరగా మొహానికి కట్లు కట్టి ఉంచి, సరిగ్గా నా ప్రదర్శన రోజునే విప్పారు. ఊరంతా తలుపులేసుకుని టీవీల ముందు కూర్చుంది. మా టికెట్లిచ్చే ఆయన కూడా కౌంటరు కింద ఫోను పెట్టుకుని చూస్తూ ముక్కు చీదుతున్నాడు. "ఏం నటన అండీ! కళ్ళు తెరిచి ఒక్క చూపు చూసిందండీ, మా అమ్మ గుర్తొచ్చింది" అన్నాడు నాతో.

ఎవరత్తా ఆ ముసలిది? ఆ వయసులో ఇంట్లో కూర్చోక నా కడుపు కొట్టడానికి వచ్చిందా? ముప్పై ఏళ్ళు పడుకున్నది ఇంకో రెండు గంటలు పడుకుంటే ఏం పోయేది? వచ్చే శనివారం ఇంకొక్క ప్రదర్శన ఉంది. దానికీ జనం రాకపోతే నాటకం ఆపేస్తామన్నారు హాలువాళ్ళు.

నువ్వూ రాలేదు. పదకొండు మందినీ రెండుసార్లు చూశాను.

నీ
కోడిపిల్ల

⁂

చిరంజీవి కోడిపిల్లకి అత్తయ్య ఆశీర్వదించి, ఒళ్ళో అట్ట పెట్టుకుని, షాటుకీ షాటుకీ మధ్య రాయునది,

అక్షరాలు కోడిగీతల్లా ఉన్నాయని నవ్వకు. పొద్దున్నుంచీ స్టూడియో గేటు దగ్గర డెబ్భై సంతకాలు పెట్టాను, వేళ్ళు వంగట్లేదు. నీ ఉత్తరం మన ఇంటికెళ్ళి, పక్కింటావిడ చేతుల మీదుగా మళ్ళీ ఈ ఊరే వచ్చింది. నువ్వుండేది ఈ గెస్ట్‌హౌసుకి రెండు వీధుల అవతలేనట కదా.

ఆ ముసలిది నేనే.

నేనేమీ కావాలని చెయ్యలేదు. ఏమీ చెయ్యొద్దన్నావు కదా, చెబితే తిడతావని ఇన్నాళ్ళూ రాయలేదు. ఆ మేనేజరుకి నాలుగు చీవాట్లు పెట్టి నిన్ను విడిపించుకుపోదామని వచ్చాను. నేను తిడుతుంటే అతను వినకుండా నా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "అదే ముక్కు! అదే గడ్డం! అచ్చం మన చిన్న కోడలే, ముప్పై ఏళ్ళు కలిపితే!" అని మలుపుల మాస్టార్ని కేకేశాడు. ఆయన నన్ను చూసి అక్కడికక్కడే ముప్పై ఏళ్ళు దూకేశాడు. మా పిల్లని ఈ క్షణం వదిలేస్తేనే పడుకుంటానన్నాను. ఒప్పందం కాగితం తెచ్చారు. తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది, పదికి నాలుగు వేసి, సంతకం పెట్టాను.

నువ్వు పడ్డ పాట్లు ఇప్పుడు తెలిశాయి. అత్తగారి పాత్ర ఆవిడ కన్నీళ్ళు నా చెవిలోనూ పడ్డాయి. నేను ఊరుకోలేదు, "కాస్త పక్కకి జరిగి ఏడవమ్మా" అన్నాను. ఇప్పుడు దిండు మీద ఏడుస్తోంది.

నీ మొదటి ప్రదర్శనకి రాలేకపోయాను. అప్పుడు కూడా షూటింగే, ఏం చెయ్యను, మన వృత్తే అంత. వచ్చే శనివారం కూడా నాకు షూటింగ్ ఉంది. ముప్పై ఏళ్ళకి లేచిన చిన్న కోడలు మొట్టమొదట ఏం కోరుతుందని మాస్టారు బుర్ర బద్దలుకొట్టుకుంటుంటే, "ఆవిణ్ణి ఫలానా హాల్లో ఫలానా నాటకానికి తీసుకెళ్ళండి" అని ఎక్కడెక్కణ్ణుంచో అరవై రెండు ఉత్తరాలు వచ్చాయట. నాకేం తెలియదు. కిలో తూగాయని మాత్రం విన్నాను. మూడు కెమెరాలతో మీ హాలుకే వస్తున్నాం. ఆ సంగతి టీవీలో వేసిన గంటలో మీ నాలుగు వందల టికెట్లూ అయిపోయాయని మేనేజరు చెప్పాడు.

కెమెరాలు నా వైపు తిరిగి ఉంటాయి, నీ వీపు మాత్రమే పడుతుంది. అటు చూడకు. నీ పని నువ్వు చేసుకో. గంటా పది నిమిషాలు హాయిగా అరుచుకో. ముందు వరసలో కూర్చుని నేను వింటాను.

ఇట్లు,
అత్తయ్య

తా.క. ఎర్ర పెన్ను తెచ్చుకుంటున్నాను.

ఇంకో తా.క. నీ కిందటి ఉత్తరానికి పదికి తొమ్మిది. ఇన్నేళ్ళలో నీకదే ఎక్కువ. ఆ మిగతా ఒక్కటీ 'ముసలిది' అన్నందుకు కోశాను.